దీపధారిణి దృష్టిలో గోదావరి

మే నెలలో మూడు దినముల ఎడముతో రెండు జయంతులు వచ్చుచున్నవి. 12వ తేదీన ఆసుపత్రులలో నర్సులు దీపములు వెలిగించి ఫ్లారెన్సు నైటింగేలును స్మరింతురు. 15వ తేదీన గోదావరి డెల్టా రైతులు సర్ ఆర్థరు కాటను విగ్రహములకు పూలమాలలు వేయుదురు. మొదటిది ఆసుపత్రి పండుగ. రెండవది పొలము పండుగ. ఈ రెంటికిని సంబంధమేమని అడిగినచో, ఆనకట్ట నీరు త్రాగి పెరిగినవారిలో సైతము చెప్పగలవారు కొద్దిమందే. కాని సంబంధమున్నది. ఆ నర్సును ఈ ఇంజనీరును ఒకే కాలమువారు. ఒకరికొకరు ఉత్తరములు వ్రాసుకొన్నవారు. ఒకే వాదము కొరకు ఇంగ్లండులో ఏండ్ల తరబడి పెనగులాడినవారు. ఆ వాదము మన కాలువలను గూర్చినది.

ఫ్లారెన్సు నైటింగేలు 1820 మే 12వ తేదీన ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున జన్మించినది. పుట్టిన ఊరి పేరే బిడ్డకు పెట్టినారు. తల్లిదండ్రులు ఇంగ్లండులో భాగ్యవంతులు. డార్బీషైరు కొండలలో, డెర్వెంటు నది లోయకు ఎగువన వారికొక ఇల్లు. దక్షిణమున హాంప్‌షైరులో మరియొక ఇల్లు. తండ్రి స్వయముగా కుమార్తెకు గ్రీకు, లాటిను, చరిత్ర, గణితము నేర్పినాడు. చెట్లు, పూలు, పక్షులు, జంతువులు ఆ పిల్లకు చిన్ననాటి నుండియు ప్రాణము. ఆ ప్రీతి పెద్దయిన తరువాతను తగ్గలేదు. 1850లో గ్రీసు దేశమునకు పోయినపుడు ఏథెన్సులోని పార్థెనాను ఆలయము వద్ద కొందరు పిల్లలు ఒక గుడ్లగూబ పిల్లను పట్టి ఆడుకొనుచుండగా, దానిని విడిపించి తెచ్చి, ఎథీనా అని పేరు పెట్టి, జేబులో పెట్టుకొని తిరిగినది. గుడ్లగూబ ఇంటిపై వ్రాలిన అశుభమని మనలో ఒక తలంపు ఉన్నది. గ్రీకులకు అది విద్యాధిదేవత పక్షి. ఆమెకు మాత్రము అది ఆదరణ లేని ఒక ప్రాణి, అంతే చాలినది.

ఆ కాలమున ఇంగ్లండులో నర్సు పనికి గౌరవము లేదు. వేరొక జీవనము దొరకని వారు చేయు పని అది. తమ కుమార్తె ఆసుపత్రిలో పని చేయుదునన్నపుడు కుటుంబము నిరాకరించినది. ఆమె వివాహము చేసికొనలేదు, పట్టు విడువలేదు. తెల్లవారుజామున లేచి ఆసుపత్రుల నివేదికలు చదువుచు ఏండ్లు గడపినది. తుదకు 1851లో, తన ముప్పది యొకటవ యేట, జర్మనీలోని కైజర్స్‌వెర్తు ఆశ్రమములో కొన్ని నెలలు శిక్షణ పొందినది. 1853లో లండనులో రోగిణులైన స్త్రీల వైద్యశాల ఒకదానికి అధికారిణి అయినది.

మరుసటి యేడు క్రిమియా యుద్ధము వచ్చినది. 1854 అక్టోబరులో ఆమె 38 మంది నర్సులతో బయలుదేరి, నవంబరు మొదటి వారములో టర్కీలోని స్కుటారి సైనిక వైద్యశాలకు చేరినది. రాత్రివేళ చేత దీపము పట్టుకొని క్షతగాత్రుల పడకల నడుమ తిరిగిన కథ లోకమంతట వ్యాపించినది. దీపధారిణి అను పేరు అప్పుడు వచ్చినదే. పాఠశాలలో మనమందరము చదివినది ఇంతవరకే. అసలు కథ ఇటుపైన నున్నది.

ఆమె వచ్చిన తరువాత స్కుటారిలో మరణములు తగ్గలేదు, పెరిగినవి. 1855 ఫిబ్రవరిలో చేరిన రోగులలో నూటికి 42 మంది చనిపోయినారు. దుప్పట్లు, సూపు, శుభ్రమైన కట్లు, దయగల మాట, అన్నియు ఉన్నవి. అయినను మనుష్యులు చనిపోవుచుండిరి. మార్చిలో ప్రభుత్వము పంపిన ఆరోగ్యసంఘము వచ్చి చూడగా, ఆ కట్టడము క్రింది మురుగుతూములు పూడి కుళ్లుచున్నట్లు తేలినది. వానిని కడిగించి, నీటిబాటలు బాగు చేయించి, గాలి ఆడునట్లు ఏర్పాటు చేసిన పిదప, వేసవి నాటికి మరణములు నూటికి 2కు దిగినవి. ఇంగ్లండునకు తిరిగివచ్చి గణాంకశాస్త్రజ్ఞుడైన విలియము ఫార్ సహాయముతో లెక్కలు తీసినపుడు ఈ సత్యము ఆమెకు పూర్తిగా బోధపడినది. తాను రాత్రింబవళ్లు సేవచేసిన ఇల్లే అన్నిటికంటె ఎక్కువమందిని పొట్టబెట్టుకొన్నదని తెలియుట సామాన్యమైన దుఃఖము కాదు. వేరొకరైనచో ఆ అంకెలను దాచి దీపపు కీర్తితో తృప్తిపడియుందురు. ఆమె ఆ అంకెలను రంగుల పటములుగా గీయించి ప్రభుత్వము ముందుంచినది. చనిపోయినవారిలో అధికసంఖ్యాకులు శత్రువు గుండువలన కాక నివారింపదగిన రోగముల వలన చనిపోయినారని ఆ పటములు చూచినవారికి తెలిసినది.

దయ చాలదు, దయకు లెక్క తోడు కావలెనని ఆమె ఆనాడు నేర్చినది. ఆ పిమ్మట వ్రాసినదంతయు ఈ పాఠమునుండి పుట్టినదే.

1859 చివర వెలువడిన ఆమె గ్రంథము ‘నోట్సు ఆన్ నర్సింగ్’ చిన్న పుస్తకము. ఇంటింటి స్త్రీలకై వ్రాసినది. అందలి సారమిది: రోగమును నయము చేయునది ప్రకృతి. మందు గాని, కత్తి గాని అడ్డు తొలగించునంతవరకే. ప్రకృతి తన పని తాను చేసికొనుటకు రోగిని అనువైన స్థితిలో నుంచుటయే నర్సు కర్తవ్యము. స్వచ్ఛమైన గాలి, వెలుతురు, మంచినీరు, మురుగు పోవు దారి, పరిశుభ్రత, నిశ్శబ్దము: ఇవియే ఆమె ఔషధశాల. తాను జ్వరములో నున్నపుడు ఎవరో అడవిపూల గుత్తి పంపగా, ఆ క్షణము నుండి తాను త్వరగా కోలుకొంటినని ఆమె వ్రాసికొన్నది. బహుకాలము మంచము పట్టినవారికి ఒక చిన్న పెంపుడు జంతువు మంచి తోడని కూడ చెప్పినది. ప్రకృతిప్రేమ ఆమెకు తీరిక వేళల వేడుక కాదు. అది ఆమె వైద్యసిద్ధాంతము.

మనకిది క్రొత్త కాదు. చరకసంహిత వైద్యమునకు నాలుగు పాదములు చెప్పినది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునకు ఉండవలసిన నాలుగు గుణములును చెప్పినది: ఉపచారము తెలిసియుండుట, నేర్పు, అనురాగము, శౌచము. ఇందు చివరి రెండును గమనింపదగినవి. అనురాగము ప్రక్కనే శౌచము. ప్రేమ ఉండి శుభ్రత లేనిచో ఏమగునో స్కుటారి చూపినది.

ఇక మన దేశము మాట. 1859లో భారతదేశమందలి సైన్యపు ఆరోగ్యస్థితిని విచారించుటకు ఒక రాయల్ కమిషను ఏర్పడినది. క్రిమియాలో తగిలిన జ్వరము ఆమెను అప్పటికే మంచమున పడవేసినది; ప్రయాణము చేయు శక్తి లేదు. పడకమీద నుండియే ఇచ్చటి సైనిక స్థావరములన్నిటికిని ప్రశ్నపత్రములు పంపించినది. త్రాగునీరు ఎచ్చటినుండి వచ్చును? మురుగు ఎటు పోవును? గాలి ఎట్లు వచ్చును? వచ్చిన జవాబులు ఆమె ఇంట గుట్టలు పడినవి. 1863లో వెలువడిన నివేదిక ప్రకారము ఇచ్చటి బ్రిటిషు సిపాయిలు ప్రతి వేయిమందిలో ఏటేట 69 మంది చనిపోవుచుండిరి. అదియు యుద్ధములో కాదు, వ్యాధులవలన. పదేండ్లలో ఆ సంఖ్య 18కి దిగినదని 1873లో ఆమె ప్రకటించినది.

సిపాయిల లెక్కతో ఆమె ఆగియుండవచ్చును. ఆమెకు అప్పగించిన పని అంతే. కాని లెక్క ముందుకు నడిపించినది. సైనిక స్థావరము శుభ్రముగ నుండి, చుట్టునున్న ఊరు మురికిగ నుండిన ప్రయోజనమేమి? ఊరు శుభ్రపడినను ఊరివారికి కడుపునకు కూడు లేనిచో ఆరోగ్యమెక్కడిది? కూటికి పంట కావలెను. పంటకు నీరు కావలెను. రోగి మంచము ప్రక్క మొదలైన ఆలోచన ఈ విధముగ నది ఒడ్డునకు వచ్చి నిలిచినది. ఆ నదులలో ఒకటి మన గోదావరి.

ఆనకట్టకు పూర్వము ఈ సీమ ఎట్లుండెనో తలచుకొనవలె. 1832–33లో నందన కరువు. 1839లో కోరంగిని ముంచెత్తిన ఉప్పెన. ఒక యేడు నీరు లేక, ఒక యేడు నీరు మిక్కిలియై, రాజమహేంద్రవరము జిల్లాలో జనసంఖ్య క్రమముగ క్షీణించినది. నిండు నది ప్రక్కనే పారి సముద్రములో పడుచుండగా ఒడ్డునున్న పొలము ఎండిపోవుచుండెను. 1844లో మాంట్‌గొమరీ ఈ జిల్లా దుస్థితిని విచారించి నివేదిక వ్రాసినాడు. కావేరి డెల్టాలో అప్పటికే కొల్లడము మీద ఆనకట్ట కట్టిన కాటను ఇచ్చటికి వచ్చి నదిని పరీక్షించినాడు. 1847లో పని ఆరంభమై 1852లో ముగిసినది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము, ఈ నాలుగు భాగములలో, లంకల నడుమ, సుమారు 12,000 అడుగుల రాతికట్టడము లేచినది. వీణెం వీరన్నగారి వంటి దేశీయ ఇంజనీరును, పేరు తెలియని వేలాది కూలీలును దానికి భుజము పట్టినవారే.

ఇరువది యేండ్ల తరువాత, లండనులో మంచముమీద నున్న నర్సు ఈ కట్టడమును గూర్చి చదివినది. 1873లో ‘భారతదేశములో బ్రతుకా చావా’ అను అర్థము వచ్చు శీర్షికతో ఆమె ఒక ప్రసంగవ్యాసము వ్రాసినది. మరుసటి యేడు అది పుస్తకముగా వచ్చినపుడు, నీటిపారుదల వలన బ్రతుకా చావా అను అనుబంధమును చేర్చినది. గోదావరి, కృష్ణ, కావేరి డెల్టాల అనుభవమే అందలి సాక్ష్యము. అప్పటికి పదవి విరమించి ఇంగ్లండులో నున్న కాటను దొర ఆమెకు వివరములు అందించుచుండెను. రైళ్లకు కోట్లు పోయుచున్న ప్రభుత్వము కాలువలకు చిల్లర విదల్చుచున్నదని, కాలువ పొలమునకు నీరిచ్చును, పడవకు దారియిచ్చునని ఆయన వాదము. ఆమె ఆ వాదమును తీసికొని, ఇండియా మంత్రిగా నున్న సాలిస్‌బరీ ప్రభువునకు లేఖ వెంబడి లేఖ వ్రాసినది. నీటిపారుదల పనులకు ఎంత ఖర్చయినది, ఎంత రాబడి వచ్చినది, నమ్మదగిన లెక్కలు కావలెనని అడిగినది. స్కుటారిలో నేర్చిన విద్య ఇది; అంకెలు లేని దయను ప్రభుత్వములు లెక్కచేయవు.

ఆ లెక్కలు తేలకముందే 1876లో ధాత కరువు వచ్చినది. మదరాసు రాజధాని, మైసూరు, బొంబాయి, హైదరాబాదు సీమలలో రెండేండ్లపాటు సాగిన ఆ కరువులో యాభై లక్షలకు పైగా జనము చనిపోయినట్లు అంచనా. బళ్లారి, కడప, కర్నూలు జిల్లాల ఊళ్లు పాడుపడినవి. అదే రాజధానిలోని గోదావరి, కృష్ణా డెల్టాలలో పంట పండినది. ఇచ్చటి ధాన్యము కరువు సీమలకు పోయినది. ఒకే ప్రభుత్వము, ఒకే వానకాలము, భేదము కాలువ. ఇంతకంటె స్పష్టమైన ప్రమాణము ఏ వైద్యునకు కావలెను? 1878 ఆగస్టులో ‘నైంటీంత్ సెంచరీ’ పత్రికలో భారతదేశ ప్రజలను గూర్చి ఆమె తీవ్రమైన వ్యాసము ప్రకటించినది. కరువును గూర్చి మాత్రమే కాదు, రైతు మెడకు చుట్టుకొన్న వడ్డీ అప్పును గూర్చి, ఉప్పు పన్నును గూర్చి అందు వ్రాసినది. ఆ యేడే పార్లమెంటు సంఘము కాటనును పిలిచి ప్రశ్నించినది. ఆయన పథకములకు ఆ సంఘమునుండి ఆదరణ లభింపలేదు.

ఆమె ఆలోచన అంతటితో నిలువలేదు. నీరు వచ్చినంతమాత్రమున రైతు బాగుపడునా? నీటివలన పెరిగిన పంటను శిస్తు రూపమున వేరొకరు లాగికొన్నచో ఫలమేమి? జమీందారు, సూర్యుడు, నీళ్లు పోయు చెంబు అను మూడింటి పేర్లు కలిపి ఆమె ఒక గ్రంథమునకు శీర్షిక పెట్టినది. ఎండను మనిషి మార్చలేడు. చెంబును నింపవచ్చును, జమీందారీ పద్ధతిని సవరింపవచ్చునని దాని తాత్పర్యము. ఆ గ్రంథము ఆమె జీవితకాలములో ప్రచురింపబడలేదు. పిఠాపురము, పెద్దాపురము వంటి సంస్థానముల నీడలో పెరిగిన మన జిల్లాలవారికి ఆ శీర్షికలోని పదును వేరుగ చెప్పనక్కరలేదు.

ఇందొక చిక్కు ప్రశ్న కలదు. కాలువలు వచ్చినచోట జ్వరములు పెరుగుచున్నవని అప్పటి అధికారులు కొందరు ఆక్షేపించిరి. అది అబద్ధము కాదు. పారుటకు దారి లేక నిలిచిన నీరు రోగమునకు పుట్టిల్లు. నైటింగేలు ఈ ఆక్షేపణను త్రోసిపుచ్చలేదు. దానికి సమాధానము చెప్పినది. నీరు తెచ్చుట ఎంత అవసరమో, నీటిని సాగనంపుట అంత అవసరము. కాలువతోపాటు మురుగుకాలువయు త్రవ్వవలెను. జ్వరమునకు మందు కాలువను మూయుట కాదు, మురుగును పారించుట.

ఆమె తెలివికి హద్దులు లేకపోలేదు. ఆమె ఈ దేశమును ఎన్నడును చూడలేదు. కాగితములలోని ఇండియాయే ఆమె ఎరిగినది. చెడుగాలి వలననే వ్యాధులు పుట్టునను పాత సిద్ధాంతమును ఆమె చాలకాలము వదలలేదు. సూక్ష్మక్రిముల వాదమును ఆలస్యముగా గాని ఒప్పుకొనలేదు. అయితే చిత్రమేమనగా, 1897లో రోనాల్డు రాసు మన సికిందరాబాదులో మలేరియా క్రిమిని దోమ కడుపులో కనుగొన్న తరువాతను, చేయవలసిన పని మారలేదు. చెడుగాలి కారణమనుకొన్నను, దోమ కారణమని తెలిసినను, నిలువనీటిని తీసివేయవలసినదే. ఆమె చెప్పిన కారణము తప్పినది. చెప్పిన పని తప్పలేదు.

ఆమె తుది దినములు నిశ్శబ్దముగ గడచినవి. మేఫెయిరులోని ఇంట పిల్లులు ఆమెకు సహవాసము. వానికి బిస్మార్కు వంటి రాజకీయ వీరుల పేర్లు పెట్టి పిలుచుచుండెను. రేడియో శ్రోతలకు ప్రీతి కలిగించు విశేషము మరియొకటి. 1890 జూలై 30వ తేదీన, ఎడిసను కనిపెట్టిన ధ్వనిముద్రణ యంత్రము ముందు ఆమె కొన్ని వాక్యములు పలికినది. క్రిమియా యుద్ధములో పోరాడి పేదరికమున పడిన వృద్ధ సైనికుల సహాయనిధి కొరకు చేసిన పని అది. డెబ్బది యేండ్ల ఆ కంఠస్వరము నేటికిని నిలిచియున్నది. తరువాత ఆమెకు చూపు పోయినది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదము లభించినది. ఒక స్త్రీకి ఆ గౌరవము దక్కుట అదే మొదలు. 1910 ఆగస్టు 13వ తేదీన, తొంబదవ యేట, నిద్రలోనే కన్నుమూసినది. వెస్టుమినిస్టరు ఆబీలో రాజవైభవముతో సమాధి చేయుటకు కుటుంబము ఒప్పుకొనలేదు. హాంప్‌షైరులోని ఒక పల్లెలో, తల్లిదండ్రుల చెంత, పేరు పూర్తిగ లేక రెండు పొడి అక్షరములు మాత్రమే చెక్కిన రాతి క్రింద ఆమె విశ్రమించుచున్నది. కాటను దొర అంతకు పదునొకండేండ్ల ముందు, 96వ యేట గతించినాడు.

పాత ఆనకట్ట స్థానమున 1982 నాటికి క్రొత్త బరాజి వచ్చినది. నేడు దాని కాలువలు పది లక్షల ఎకరములకు పైగా నీరిచ్చుచున్నవి. కాటను దొరను మన పండితులు భగీరథునితో పోల్చిరి. నీరు తెచ్చినవానిని స్మరించుట మనకు తెలిసినది. నీటిని సాగనంపుమన్న ఆమెను స్మరించుట మాత్రము ఇంకను అలవడలేదు. 1960లలో మిత్రా సంఘము పరిశీలించిన డెల్టా మురుగు సమస్య నేటికిని వానకాలమున చేలను ముంచుచునేయున్నది. సముద్రతీర గ్రామములలో నూతినీరు ఉప్పన. అచ్చటివారు వేసవిలో కాలువలు కట్టివేయుటకు ముందు మంచినీళ్ల చెరువులు నింపుకొని, ఆ నీటినే త్రాగుదురు. ఆ కాలువలోనే ఎగువ ఊళ్ల చెత్త పడును, పట్టణముల మురుగు కలియును, చేపల చెరువుల వాడినీరు దిగును. పైరుకు ప్రాణము పోసిన నీరే పసిపిల్లలకు విరేచనములు తెచ్చుచున్నది. అప్పుడు మందుసంచితో ఇంటికి వచ్చునది ఊరి ఆరోగ్యకేంద్రపు నర్సమ్మ.

ఆ నర్సమ్మ మొదట అడుగు ప్రశ్న ఒకటి ఉండును: “అమ్మా, నీళ్లు కాచి పోయుచున్నారా?” నూటయేబది యేండ్ల క్రిందట లండనునుండి మన దేశమునకు పంపిన ప్రశ్నపత్రములలోని మొదటి ప్రశ్నకు ఇది దగ్గరి చుట్టము. ఆ ప్రశ్నకు ఇంటియిల్లాలు ఇంట జవాబు చెప్పగలదు. కాలువగట్టున చెప్పవలసిన జవాబు ఊరిది. మురుగుకాలువ చివర చెప్పవలసిన జవాబు ప్రభుత్వముది. మే 12వ తేదీకిని 15వ తేదీకిని నడుమనున్న రెండు దినములలో ఏ ఊరివారైనను పలుగు పార పట్టి తమ ఊరి మురుగుకాలువ పూడిక తీయగలిగినచో, ఆ ఇరువురకును ఒకే పూజ జరిగినట్లగును.